దూలం దాకా

తవిటయ్య మేస్త్రి అరచెయ్యి ఆనించి నొక్కితే
గోడ లోపలికి పోయి
మళ్లీ బయటికొచ్చింది.
"ఇది గోడ కాదమ్మా, డొక్క" అన్నాడు.

నిజమే.
నెల్లిమర్ల జూట్ మిల్లులో పనికిరాదని పారేసిన గోనెపట్టా
వెదురు బద్దల మీద సాగదీసి
బంకమట్టీ పేడా ఊకా మెత్తి
మా మావగారు రెండు ఆదివారాల్లో లేపేసిన సరిహద్దు.
ఏటా సిరిమాను ముందర ఒక పూత సున్నం.
ఇటు నేనూ మా ఆయనా పిల్లలూ,
అటు మా ఆయన అప్ప, దాలమ్మొదిన, ఒక్కర్తీ.

ఇటు నేను కొట్టిన మేకు
అటు రెండంగుళాలు మొన తేలేది.
ఆ మొనకే వదిన కళ్లజోడు సంచీ తగిలించుకుంది.
నేను క్యాలెండరు తీస్తే
అక్కడ సంచీ జారి
"ఏటే, నెల మారిపోనాదా" అనేది.

గోడ దూలాన్ని అందుకోలేదు.
రెండు మూరలు తక్కువ. పట్టా చాల్లేదట.
ఆ ఖాళీలోంచే అగ్గిపెట్టె వెళ్లింది,
కవ్వం వచ్చింది,
చేపల పులుసు గిన్నె ఒలక్కుండా దాటింది.
ఆ ఖాళీలోనే ఒక బల్బు, రెండిళ్లకీ సగం సగం.
స్విచ్చి మాత్రం అటువైపు.
వదినకి నిద్రొస్తే
మాకు రాత్రయ్యేది.

మిల్లు లాకౌట్ పడిన ఏడు
మూడు నెలల తరవాత దొరికిన మొదటి కూలి
మా ఆయన తాగేసి వచ్చిన రాత్రి
కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.
చప్పుడు చెయ్యలేదనే అనుకున్నాను.
తెల్లారి గోడ మీంచి గ్లాసు దిగింది. శొంఠి కాఫీ.
మాట లేదు.
కడిగి తిరిగిస్తే
మాట లేకుండానే అందుకుంది.

మొన్నటి తుపానుకి చంపావతి పొంగి
నీళ్లు వీధిలోకే వచ్చి వెళ్లిపోయాయి గానీ
ఆ చెమ్మకే గోడ నెలలు నిండినదానిలా ఉబ్బింది.
చెదలు సరేసరి.

పలుగు పెట్టక్కర్లేకపోయింది.
సున్నం పొరలు పొరలుగా ఊడి
అడుగున ఆకుపచ్చ చార, పట్టా, ఒక కుట్టు కనిపించాయి.
వదిన ఇరవై రెండేళ్లు మిల్లులో సంచులే కుట్టింది.
నేనూ, మేస్త్రీ, ఇటికలు మోసే పిల్లా
ఆవిడ మొహంలోకే చూస్తున్నాం.
కళ్లజోడు పెట్టుకుని, కుట్టు మీద వేలు నడిపి,
"నాది కాదు.
ఇంత వంకరగ నానేల కుడతాను?"
అని విసిరేసింది.

అప్పుడడిగాడు తవిటయ్య:
"ఎంత ఎత్తు లేపమంటారు?"

నేను "అలాగే, ఉన్నంతే..." అనబోయాను.
"దూలం దాకా" అంది వదిన.
"సందు లేకుండా. సిమెంటు కుక్కీ మరీ.
ముప్పై ఏళ్లు ఇన్నాను ఈళ్ల కాపరం.
దెబ్బలాటలూ ఇన్నాను, దెబ్బలాట్లేని రాత్రులూ ఇన్నాను.
సాలు బాబూ, పడుకోవాల."

ఇటికల పిల్ల నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.
మా ఆయన బీడీ వంకన బయటికి పోయాడు.
నేను తట్టలో ఇసకని
ఊరికే అటూ ఇటూ సర్దాను.

ఇప్పుడు గోడ గోడలాగే ఉంది.
మేకు దిగదు, డ్రిల్లు కావాలి.
మాకు మా స్విచ్చి వచ్చింది,
ఎప్పుడు ఆర్పాలో మాత్రం తెలియడం లేదు.

నిన్న చారులో వెయ్యడానికి ఇంగువ నిండుకుంది.
అలవాటుగా తల పైకెత్తి, "వదినా" అని,
దించేసి,
చెప్పులేసుకుని వీధిలోంచి చుట్టి వెళ్లి
తలుపు కొట్టాను.

లోపల మంచం కిర్రుమంది.
"ఎవులు?" అంది.

ముప్పై ఏళ్లలో
ఆ మాట నన్నెప్పుడూ అడగలేదు.
వీధిలో నిలబడి
నా పేరు చెప్పాను.